పలుచని లోకం - 9వ భాగం: పొర కింద పీట

గ్రాఫైట్ ముక్కకు టేపు అంటించి, పీకుతూ పీకుతూ చివరికి ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ పొరను మాంచెస్టర్‌లో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ చేతికి తెచ్చుకున్న కథ గత భాగంలో చెప్పుకున్నాం. 2004 అక్టోబరులో ఆ ఫలితం అచ్చయింది. 2010లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పొరే గ్రాఫీన్.

2018 మార్చిలో ఇంకో వార్త వచ్చింది. రెండు గ్రాఫీన్ పొరలను ఒకదాని మీద ఒకటి కాస్త ఓరగా, 1.1 డిగ్రీల తేడాతో పేర్చి బాగా చల్లబరిస్తే, ఆ జంట ఏ నిరోధమూ లేకుండా విద్యుత్తును ప్రవహింపజేసింది. అంటే అతివాహకమైంది.

ఈ రెండు వార్తల మధ్య 14 ఏళ్లు గడిచాయి. పొరలను తిప్పి చూడాలన్న ఊహ ఎవరికీ రాక ఇంత ఆలస్యమైందా? కాదు. ఆ ఊహ 2007కే కాగితం మీదికి ఎక్కింది. లేనిదల్లా ఆ పొరలను పడుకోబెట్టడానికి తగిన పీట. ఈ భాగం ఆ పీట కథ. శాస్త్రవేత్తలు దాన్ని సబ్‌స్ట్రేట్ అంటారు. బొమ్మల్లో అది అడుగున ఒక బూడిదరంగు పలకగా కనిపిస్తుంది, చాలామంది చూపు అక్కడ ఆగదు. కానీ చరిత్రను వరసగా చదివితే, పీట మారిన ప్రతిసారీ గ్రాఫీన్ గుణం కూడా మారుతూ వచ్చిందని తెలుస్తుంది.

మొదటి పీట: గాజులాంటి ఆక్సైడ్

మాంచెస్టర్‌లో గ్రాఫీన్‌ను దించింది సిలికాన్ పలక మీద. ఆ పలక పైన దాదాపు 300 నానోమీటర్ల మందాన సిలికాన్ డయాక్సైడ్ ఉండేది. రసాయనికంగా గాజుకు దగ్గరి చుట్టం. గ్రాఫీన్ దొరకడంలో ఆ మందానికీ వాటా ఉంది. ఒక్క పరమాణువు మందమున్న పొర మామూలు సూక్ష్మదర్శినిలో కంటపడటం కష్టం. ఆక్సైడ్ సరిగ్గా ఆ మందంలో ఉన్నప్పుడు కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలిసే తీరు వల్ల పొర ఉన్నచోట రంగు ఒక్క పిసరు మారుతుంది. వెతికేవాళ్ల కంటికి ఆ పిసరు చాలింది.

చూపించిన పీటే ఇబ్బందీ పెట్టింది. పరమాణువుల కొలతలో చూస్తే ఆక్సైడ్ ఉపరితలం గతుకుల నేల. పైగా అందులో అక్కడక్కడ విద్యుదావేశాలు చిక్కుకుని ఉంటాయి. గ్రాఫీన్‌కు ఉన్నది ఒక్క పొరే కాబట్టి అది నిలువెల్లా ఉపరితలమే, దాచుకోవడానికి లోపలి భాగం లేదు. కింది గతుకులూ ఆవేశాలూ నేరుగా దాని ఎలక్ట్రాన్లను తాకుతాయి. వాన వెలిసిన మట్టిరోడ్డు మీద నీళ్లు మడుగులు కట్టినట్టు, ఎలక్ట్రాన్లు ఒకచోట పోగుపడి ఇంకోచోట పలచబడ్డాయి. సున్నితమైన ఏ గుణమైనా ఆ మడుగుల్లో మునిగిపోయేది.

అసలు పీటే లేకపోతే? 2008లో కొలంబియా, రట్గర్స్ విశ్వవిద్యాలయాల బృందాలు కింది ఆక్సైడ్‌ను ఆమ్లంతో తొలిచేసి, గ్రాఫీన్‌ను రెండు గట్ల మధ్య వంతెనలా వేలాడదీశాయి. ఎలక్ట్రాన్ల నడక ఒక్కసారిగా సాఫీ అయింది. అంతకుముందు కనబడిన లోపాల్లో ఎక్కువ భాగం గ్రాఫీన్‌వి కావని, దాని కింది నేలవని తేలింది. కానీ గాలిలో వేలాడే పొర ఏ కాస్త ఒత్తిడికైనా చిరుగుతుంది. దాని మీద రెండో పొర పేర్చి, కోణం సరిచూసి, తీగలు కలపడం కుదిరే పని కాదు. కావలసింది గ్రాఫీన్‌ను మోస్తూ దానిని ఇబ్బంది పెట్టని పీట.

సుకుబా ప్రెస్సు

అలాంటి పీట జపాన్‌లో అప్పటికే తయారవుతోంది, తయారుచేస్తున్నవారు గ్రాఫీన్‌ను దృష్టిలో పెట్టుకోలేదు. సుకుబా నగరంలోని జాతీయ పదార్థ విజ్ఞాన సంస్థలో తకాషి తనిగుచి అధిక పీడనంలో స్ఫటికాలు పెంచే నిపుణుడు. ఆయన ధ్యాస వజ్రంలా గట్టిగా ఉండే క్యూబిక్ బోరాన్ నైట్రైడ్ మీద. వాతావరణ పీడనానికి నలభై వేల రెట్లకు మించి నొక్కి, 1,500 డిగ్రీలకు పైగా వేడి చేసే భారీ ప్రెస్సులో ఆ పని సాగేది. పక్కదారిన పుట్టిన సరుకు ఇంకొకటి ఉంది: అదే బోరాన్, అదే నైట్రోజన్, కానీ పొరలు పొరలుగా పేరుకున్న హెక్సాగనల్ బోరాన్ నైట్రైడ్. ఆయన సహచరుడు కెంజి వతనబే కాంతి గుణాలు కొలిచే మనిషి. ఆ పారదర్శక స్ఫటికాలు ఎంత శుద్ధమైనవో పట్టుకున్నది ఆయనే. అవి అతినీలలోహిత కాంతిని ప్రకాశవంతంగా వెలువరిస్తాయని 2004లో ఈ బృందం ప్రకటించింది. గ్రాఫీన్ లోకానికి పరిచయమైన ఏడాదీ అదే కావడం కాకతాళీయం.

ఈ పదార్థానికి తెల్ల గ్రాఫైట్ అని పేరుంది. గ్రాఫీన్‌లాగే తేనెపట్టు అల్లిక, కాకపోతే ఒక మూల బోరాన్, పక్క మూల నైట్రోజన్. విద్యుత్తును పోనివ్వదు. ఉపరితలం పరమాణువుల స్థాయిలోనే చదును. పైకి చాచిన తెగిన బంధాలు ఉండవు, చిక్కుకున్న ఆవేశాలు చాలా తక్కువ.

2010లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కోరీ డీన్, ఆండ్రియా యంగ్, ఇనాంచ్ మెరిచ్ తదితరులు జేమ్స్ హోన్, ఫిలిప్ కిమ్, కెన్నెత్ షెపర్డ్‌ల ప్రయోగశాలల్లో కలిసి పనిచేసి, సుకుబా స్ఫటికపు రేకు మీద గ్రాఫీన్‌ను దించారు. ఆక్సైడ్ మీద కన్నా ఎలక్ట్రాన్ల చలనశీలత దాదాపు పదింతలు పెరిగింది. మడుగులు ఇంకిపోయి నేల ఆరింది. నా లెక్కన, తర్వాత రాబోయే ప్రతి కథకూ ఇదే మొదటి పేజీ.

దోమతెర మడత

దోమతెరను రెండు మడతలు వేసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఒక మడతను కాస్త పక్కకు తిప్పగానే, గుడ్డలో లేని పెద్ద పెద్ద అలలు కంటికి కనిపిస్తాయి. ఎంత తక్కువ తిప్పితే అల అంత పెద్దది. దీనికి మ్వారే అని పేరు. అలల మెరుపుండే ఒక రకం పట్టుబట్టకు ఫ్రెంచి భాషలో ఉన్న పేరది.

గ్రాఫీన్, బోరాన్ నైట్రైడ్ రెండూ తేనెపట్టులే అయినా, రెండోదాని గళ్లు దాదాపు 1.8 శాతం పెద్దవి. అందుకే ఒకదాని మీద ఒకటి అసలు ఓర లేకుండా సరిగ్గా పరిచినా అల పుడుతుంది. దాని నిడివి 14 నానోమీటర్ల దాకా ఉంటుంది. పరమాణువుల గళ్లు నానోమీటరులో పావు వంతే కాబట్టి, ఆ అల ఎలక్ట్రాన్లకు ఒక పెద్ద గళ్ల చదరంగం లాంటిది.

ఈ పెద్ద గళ్లతో పాత జోస్యం ఒకటి నిజమైంది. గళ్లున్న స్ఫటికాన్ని అయస్కాంత క్షేత్రంలో పెడితే ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలు సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో విడివడతాయని 1976లో డగ్లస్ హోఫ్‌స్టాటర్ లెక్కగట్టాడు. మామూలు స్ఫటికంలో దాన్ని పూర్తిగా చూడాలంటే పదుల వేల టెస్లాల క్షేత్రం కావాలి, అంత క్షేత్రాన్ని నిలకడగా ఏ ప్రయోగశాలా పుట్టించలేదు. గడి 14 నానోమీటర్లకు పెరిగేసరికి అవసరం పాతిక టెస్లాలకు దిగివచ్చింది. 2013లో కొలంబియా, మాంచెస్టర్, ఎంఐటీ బృందాలు మూడూ వేర్వేరుగా ఆ సీతాకోకచిలుకను పట్టుకున్నాయి. పీట మోసే పని ఒక్కటే చేయదని, పైనున్న ఎలక్ట్రాన్ల లెక్కను తిరగరాస్తుందని దీంతో రుజువైంది.

ఒక డిగ్రీ దగ్గర ఆగిన నడక

ఇదే కాలంలో సిద్ధాంతం ఇంకో దారిన నడుస్తోంది. ఓరగా పేర్చిన రెండు గ్రాఫీన్ పొరల్లో ఎలక్ట్రాన్ల వేగం తగ్గాలని 2007లో లోపెస్ డోస్ శాంటోస్, పెరెస్, కాస్ట్రో నెటో రాశారు. 2010లో రట్గర్స్‌లో ఎవా ఆండ్రెయ్ బృందం అలా ఓరగా పడిన పొరలను స్కానింగ్ టన్నెలింగ్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, కొన్ని శక్తుల దగ్గర ఎలక్ట్రాన్ స్థితులు కుప్పపడుతున్నాయని చూపింది. అదే ఏడాది చిలీలో సువారెజ్ మొరెల్ సహచరులు ఒకానొక చిన్న కోణంలో శక్తి పట్టీ (ఎలక్ట్రాన్లకు వీలైన శక్తుల పరిధి) చదునైపోతుందని లెక్కగట్టారు. 2011లో టెక్సాస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్‌లో రఫీ బిస్ట్రిట్జర్, అలన్ మెక్‌డొనాల్డ్ దానికి స్పష్టమైన, సరళమైన సిద్ధాంతం ఇచ్చారు. దాదాపు 1.05 డిగ్రీల దగ్గర ఎలక్ట్రాన్ వేగం సున్నాకు పడిపోతుందన్నారు. దానికి మాయాకోణం అని పేరు పెట్టారు.

వేగం పడిపోతే ఏమిటంటారా? ఒంటరి గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్ సెకనుకు సుమారు వెయ్యి కిలోమీటర్లు పరుగెడుతుంది. బైపాస్ రోడ్డు మీద వాహనాల్లా ఎవరి దారి వారిది, పక్కవాడి ఊసు పట్టదు. మాయాకోణం దగ్గర ఆ రోడ్డు జాతరయిపోతుంది. ఎవరూ ముందుకు ఉరకలేరు, ప్రతి ఒక్కరి కదలికా చుట్టూ ఉన్నవాళ్ల మీద ఆధారపడుతుంది. భౌతికశాస్త్ర భాషలో చెప్పాలంటే చలనశక్తి బాగా తగ్గి పరస్పర వికర్షణ పెత్తనం చేస్తుంది. ఎలక్ట్రాన్లు కూడబలుక్కున్నట్టు ప్రవర్తించే అయస్కాంతత్వం, అతివాహకత్వం లాంటి గుణాలు ఇలాంటి ఇరుకులో పుట్టే వీలుంది.

బిస్ట్రిట్జర్, మెక్‌డొనాల్డ్‌ల వ్యాసానికి అప్పట్లో పెద్దగా ఆదరణ దొరకలేదు. ఒక డిగ్రీలో పదో వంతు కచ్చితత్వంతో రెండు పరమాణు పొరలను పేర్చడం ఎవరికి సాధ్యం అన్న అనుమానమే దీనికి ఒక కారణం. బిస్ట్రిట్జర్ తర్వాత విశ్వవిద్యాలయ పరిశోధన వదిలి పరిశ్రమలో చేరిపోయాడు.

చింపి పేర్చిన చేతులు

దారి చూపింది అదే ఆస్టిన్. 2016లో ఇమాన్యుయేల్ టుటుక్ బృందం ఒక తేలిక ఉపాయం చెప్పింది. రెండు వేర్వేరు గ్రాఫీన్ ముక్కలు తెస్తే వాటి దిక్కులు కలపడం కష్టం. ఒకే ముక్కను రెండుగా చింపితే? రెండు సగాలూ ఒకే స్ఫటికానివి కాబట్టి దిక్కులు మొదటే కలిసి ఉంటాయి.

పని జరిగే తీరు ఇది. మెత్తని పాలిమరు ముద్రకు బోరాన్ నైట్రైడ్ రేకును అతికిస్తారు. ఆ రేకు అంచును గ్రాఫీన్ ముక్క సగం మీద మాత్రమే ఆనించి పైకి లేపుతారు. పొరల మధ్య సహజంగా ఉండే వాన్ డెర్ వాల్స్ ఆకర్షణ ఆ సగాన్ని లాక్కుంటుంది, మిగతా సగం తెగి కిందే ఉండిపోతుంది. ఇప్పుడు కింది పీఠాన్ని ఒక డిగ్రీకి కాస్త పైగా తిప్పి, రెండో సగాన్నీ ఎత్తుకుంటారు. చివరికి ఆ జంటను ఇంకో బోరాన్ నైట్రైడ్ రేకు మీద దించుతారు. ఇక్కడ బోరాన్ నైట్రైడ్ పీటే కాదు, పొరను ఎత్తే చెయ్యి కూడా, కప్పే మూత కూడా. సుకుబా స్ఫటికాలే లేకుంటే ఈ ఉపాయం కాగితం మీదే మిగిలేది.

ఎంఐటీలో పాబ్లో హరీయో-ఎర్రేరో బృందం ఈ విద్యను సాధన చేసింది. స్పెయిన్‌లోని వలెన్సియాలో పుట్టిన ఆయన దగ్గర, చైనా నుంచి 18 ఏళ్లకే పరిశోధనకు వచ్చిన యువాన్ సావ్ చేయి తిరిగిన పనివాడయ్యాడు. 2016లో 1.8 డిగ్రీల దగ్గర మొదలైన వాళ్ల ప్రయాణం 1.1 దగ్గరికి చేరింది. అక్కడ అల నిడివి 13 నానోమీటర్లు. ఒక్కో గడిలో సుమారు 11 వేల కార్బన్ పరమాణువులు.

2018 మార్చి 5న రెండు వ్యాసాలు ఒకేసారి వెలువడ్డాయి. గడికి రెండేసి ఎలక్ట్రాన్లు చేర్చినా, తీసేసినా, వాహకం కావలసిన పదార్థం బంధకంగా బిగుసుకుపోతోందని మొదటిది చెప్పింది. అక్కడి నుంచి ఎలక్ట్రాన్ల సంఖ్యను కాస్త అటూఇటూ జరిపితే 1.7 కెల్విన్ల దిగువన అతివాహకమవుతోందని రెండోది చెప్పింది. 1986లో జూరిక్‌లో బెడ్నోర్జ్, ముల్లర్ కనిపెట్టిన రాగి ఆక్సైడ్ అతివాహకాల పోకడకు ఇది దగ్గరగా ఉండటంతో అందరూ ఉలిక్కిపడ్డారు. రాగి ఆక్సైడ్లలో ఎలక్ట్రాన్ల సంఖ్య మార్చాలంటే ప్రతిసారీ కొత్త సరుకు వండుకోవాలి. ఇక్కడ అడుగునున్న గేటు అనే ఎలక్ట్రోడు మీద వోల్టేజి మారిస్తే చాలు, ఒకే నమూనాలో అన్ని దశలూ కనిపిస్తాయి.

ఏడాది తిరగకముందే కోరీ డీన్, ఆండ్రియా యంగ్ బృందాలు దీన్ని ధ్రువపరిచాయి. కోణం 1.27 డిగ్రీలు ఉన్నా, పొరలను పీడనంతో దగ్గరికి నొక్కితే అతివాహకత్వం వస్తుందని చూపాయి. 2010లో గ్రాఫీన్‌ను కొత్త పీట మీద దించిన చేతులే ఇవి. 2020లో బిస్ట్రిట్జర్, మెక్‌డొనాల్డ్, హరీయో-ఎర్రేరోలకు వుల్ఫ్ బహుమతి దక్కింది.

పీట పలికింది

ఇక్కడితో ఆగితే పీటది సేవకుడి పాత్రే అవుతుంది. అసలు మలుపు 2019లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ గోల్డ్‌హేబర్-గోర్డన్ బృందం చేసిన ఒక పరికరంలో, పైనున్న బోరాన్ నైట్రైడ్ అనుకోకుండా గ్రాఫీన్‌తో ఒక డిగ్రీ కన్నా తక్కువ తేడాతో దిక్కు కలిపింది. గడికి మూడేసి ఎలక్ట్రాన్లు చేరిన చోట ఆ నమూనా అయస్కాంతంలా ప్రవర్తించింది. ఇనుము లేదు, నికెల్ లేదు. ఉన్నది కార్బన్, దాని పక్కన బోరాన్, నైట్రోజన్.

ఎందుకిలా? గ్రాఫీన్ తేనెపట్టులో పక్కపక్క కార్బన్లు అన్నివిధాలా సమానం. దిక్కు కలిసిన బోరాన్ నైట్రైడ్ తగిలినప్పుడు ఒక కార్బన్‌కు బోరాన్ పొరుగవుతుంది, ఇంకోదానికి నైట్రోజన్. ఆ సమానత్వం చెదిరి శక్తి పట్టీల మధ్య ఖాళీ తెరుచుకుంటుంది. అప్పుడు ఎలక్ట్రాన్లు ఒకే వైపు సుడి తిరిగే స్థితిని ఎంచుకోగలుగుతాయి. ఈ అయస్కాంతత్వం ప్రధానంగా ఆ సుడి తిరగడం నుంచి పుట్టిందే. 2020లో శాంటా బార్బరాలో ఆండ్రియా యంగ్ బృందం, బయటి అయస్కాంత క్షేత్రం లేకుండానే అడ్డ నిరోధం (ప్రవాహానికి అడ్డంగా కొలిచేది) సరిగ్గా ప్రకృతి నియతాంకాలు నిర్ణయించే 25,813 ఓమ్‌ల దగ్గర స్థిరపడటం చూపింది. ఈ రెండు ప్రయోగాల్లోనూ అతివాహకత్వం కనబడలేదు. అదే జంట, అదే మాయాకోణం, ఆనుకున్న బోరాన్ నైట్రైడ్ దిక్కు మారితే ఫలితం మారింది.

అక్కడి నుంచి పీటను తెలిసి తెలిసి వాడుకోవడం మొదలైంది. బార్సిలోనాలో దిమిత్రీ ఎఫెతోవ్ బృందం బోరాన్ నైట్రైడ్ మందాన్ని పది నానోమీటర్ల లోపుకు తగ్గించి, అడుగునున్న గ్రాఫైట్ గేటును దగ్గరికి తెచ్చింది. ఆ గేటు ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణకు కొంత అడ్డుకట్ట వేసింది. బంధక స్థితులు చాలావరకు వెనక్కి తగ్గినా అతివాహకత్వం నిలిచింది. రెండోది మొదటిదాని బిడ్డేనా అన్న పెద్ద చర్చకు అది కొత్త సాక్ష్యం. కాల్టెక్‌లో స్తెవాన్ నాజ్-పెర్గె బృందం 2020లో టంగ్‌స్టన్ డైసెలినైడ్ పొరను జోడించింది. మాయాకోణానికి చాలా దిగువన, 0.79 డిగ్రీల దగ్గర కూడా అతివాహకత్వం బతికింది. మన బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో యు. చాందిని, అరిందమ్ ఘోష్ బృందాలు 2022లో అదే టంగ్‌స్టన్ డైసెలినైడ్‌ను ఆనించి, గడికి పూర్ణ సంఖ్యలో కాక అరలెక్కలో ఎలక్ట్రాన్లు నిండినప్పుడు కొత్త స్థితులు తలెత్తుతున్నాయని ప్రకటించాయి.

2024లో ఎంఐటీలో లాంగ్ జూ బృందం ఇంకా ముందుకు వెళ్లింది. ఈసారి గ్రాఫీన్ పొరల మధ్య ఓర లేదు. సహజ క్రమంలో పేరుకున్న ఐదు పొరలవి. మ్వారే అల మొత్తం ఆనుకున్న బోరాన్ నైట్రైడ్‌తో దిక్కు కలపడం వల్ల పుట్టిందే. అందులో ఎలక్ట్రాన్ ఆవేశం భిన్నాలుగా విడివడినట్టు ప్రవర్తించే స్థితి, అదీ అయస్కాంత క్షేత్రం లేకుండా, కనిపించింది. ఒకప్పుడు అల్లరి పెట్టకుండా ఉంటే చాలనుకున్న పీటే ఇప్పుడు కథను నడిపింది.

తేలినది, తేలవలసినది

ఓరగా పేర్చిన గ్రాఫీన్ జంటలో అతివాహకత్వం కోసం ఎలక్ట్రాన్లను జతకట్టించే శక్తి ఏమిటన్నది ఇంకా తేలలేదు. అతివాహకత్వం కొద్ది కెల్విన్ల చలిని దాటి పైకి రాలేదు కాబట్టి, రేపే మన కరెంటు తీగల్లోకి వస్తుందని ఆశపెట్టడం సరికాదు. తయారీ కూడా కష్టం. వేడి తగిలితే పొరలు తిరిగి సర్దుకోజూస్తాయి. ఒకే నమూనాలో చోటు మారితే కోణం పదో వంతు డిగ్రీ దాకా మారిపోతుందని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ సంస్థలో ఎలీ జెల్డోవ్ బృందం 2020లో పటం గీసి చూపింది. అయినా ఒక సంగతి స్థిరపడింది. పొర ఎంత, కోణం ఎంత అని మాత్రమే చెప్పి ఊరుకుంటే ఆ పదార్థం వివరం సగమే చెప్పినట్టు. కింద ఏముంది, ఎంత మందం, ఏ దిక్కుకు ఉంది అన్నవీ చెప్పాలి.

చరిత్రకూ ఇదే వర్తిస్తుందని నేను నమ్ముతాను. బహుమతులు పొరను కనిపెట్టినవారికీ, కోణాన్ని ఊహించినవారికీ, పేర్చి చూపినవారికీ వచ్చాయి. అవి న్యాయంగా వచ్చినవే. పీటను పెంచినవారికీ అంతే గౌరవం దక్కాలి. తనిగుచి, వతనబే తమ స్ఫటికాలను ప్రపంచమంతా వందల ప్రయోగశాలలకు పంచారు, ఇప్పటికీ పంచుతున్నారు. ఈ రంగం చదువుకుంటున్న విద్యార్థులకు ఒక మాట: మ్వారే పదార్థాల మీద ఏ ప్రయోగ వ్యాసం తెరిచినా ముందుగా రచయితల వరస చూడండి. మధ్యలోనో చివర్లోనో ఆ రెండు పేర్లు చాలాసార్లు కనిపిస్తాయి. వాటిని దాటవేయకండి.